సౌలు కవచమును దించుడి: కీబోర్డు కొనబోవు సంఘములకు ఒక మాట

ధ్యాన భాగములు: 1 సమూయేలు 17:38–40, నెహెమ్యా 13:10–12



గొల్యాతు ఎదుటికి వెళ్లనున్న చిన్నవానికి సౌలు రాజు తన ఆయుధ సామగ్రి అంతయు తొడిగించెను. తలమీదికి శిరస్త్రాణము వచ్చెను, భుజములమీదికి కవచము వచ్చెను, నడుమునకు కత్తి వచ్చెను. దావీదు నాలుగడుగులు వేయజూచి, ఇవి నాకు అలవాటు లేనివని అన్నిటిని దించివేసెను. ఆ కవచము చెడ్డదని అతడు అనలేదు. రాజు వాడినది గనుక అది దేశములోకెల్ల మేలైనదే అయియుండును. అయినను అది అతని మేనికి సరిపోలేదు, అతని చేతికి మరగలేదు. ఏటిలోని అయిదు నున్నని రాళ్లును, మందలు కాయుచు తాను అలవరచుకొనిన వడిసెలయు అతనికి చాలెను.

ఈ మాట ఇప్పుడేల ఎత్తితిననగా, మన నల్లగొండ, పాలమూరు సీమలలోని పల్లె సంఘములు నేడు సౌలు కవచములను కొనుచున్నవి. ఆ కవచము పేరు కీబోర్డు. పెద్ద పట్టణపు సంఘములో ఏది యున్నదో అదే మనకును కావలెనని పెద్దలు తీర్మానించుచున్నారు. వాయించువాడు దానితో నడువగలడా, పాడువారు దానితో నడువగలరా అని అడుగువారు తక్కువ.

నేను చెప్పదలచినది ఒక్కటే. కీబోర్డు పాపము కాదు, అలంకారమును కాదు. అది సంఘపు పాటకు దాసి. దాసి యజమానురాలి స్థానములో కూర్చుండుట భూమి భరింపలేని సంగతులలో ఒకటని సామెతల గ్రంథము (30:21–23) చెప్పుచున్నది. పాటను ఏలగోరు యంత్రమును కొనకూడదు. కొనిన యంత్రమును పాటను ఏలనియ్యకూడదు.

ఈ పెట్టె ఏమి చేయును?

ఒకప్పుడు మన ప్రార్థన మందిరములలో ఒకరు హార్మోనియము పట్టెడివారు, ఒకరు తబలా గాని డోలకు గాని వాయించెడివారు, ఒకరు కంజిర కొట్టెడివారు, పిల్లలు తాళములు వేసెడివారు. నేడు ఆ నలుగురి పనిని ఒక యౌవనుడు ఒక పెట్టెతో చేయుచున్నాడు. దుకాణములలో దీనిని అరేంజర్ కీబోర్డు అందురు. సాధారణముగా దీనికి 61 మెట్లుండును. ఎడమచేతితో కొన్ని స్వరములను కలిపి నొక్కినయెడల, దానినే కార్డు అందురు, లోపలి యంత్రము ఆ కార్డును పట్టుకొని డ్రమ్ములను, బేసును, గిటారును తనంతట తానే వాయించును. ఆ వాయింపు వరుసకు స్టైల్ అని పేరు. కుడిచేయి పాట వరుసను పలికించును. ఆరంభమునకు ఒక బటను, పల్లవినుండి చరణమునకు మారుటకు ఒక బటను, ముగింపునకు ఒక బటను ఉండును.

ఒక్కడే నలుగురి సందడి చేయగలుగుట దీనివలననే. పెండ్లికి, గృహప్రతిష్ఠకు, ఉజ్జీవ కూటమునకు, భూస్థాపనకు ఒంటరిగా వెళ్లి వాయించి, ఆ వచ్చినదానితో ఇల్లు గడుపుకొను తమ్ములు మన మండలములలో చాలమంది యున్నారు. వారి పని చిన్నది కాదు. కావుననే వారి పనిముట్టునుగూర్చి మనము జాగ్రత్తగా ఆలోచింపవలెను.

వాద్యముమీద పగ వలదు

కొందరు విశ్వాసులు, ఇది పరదేశపు వాద్యము, సినిమావారి వాద్యము, దీనిని గుడిలోనికి రానీయకూడదందురు. వారికి నా ప్రత్యుత్తరము: మీరు ప్రేమతో తలచుకొను హార్మోనియము మన పొలములో మొలచినదా? ఫ్రాన్సు దేశపు ద్యబేన్ అనునతడు 1842లో పారిసు నగరమందు ఆ పేరుతో దానికి హక్కుపత్రము పొందెను. చేతితో గాలి కొట్టుచు నేలమీద కూర్చుండి వాయించు రూపమును 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనునతడు తయారుచేసెను. మన సంగీతములోని గమకము దానిలో పలుకదని 1940లో ఆకాశవాణివారు దానిని నిషేధించిరి. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. పండితులు వెలివేసిన ఆ పెట్టెతోనే మన పల్లెల అమ్మలు, తాతలు కీర్తనలు నేర్చుకొనిరి. పరదేశపుదను మాటతో దేనిని త్రోసివేయలేము. కాలక్రమమున అది మన పాటకు లోబడెనా లేదా అనుటయే చూడవలసినది. హార్మోనియము లోబడెను. అది ఏల లోబడెను? తిత్తిని కదలించు చెయ్యి మనుష్యునిది గనుక. సంఘము నిలిచినచోట ఆ చెయ్యి నిలిచెను, సంఘము సాగదీసినచోట ఆ చెయ్యి సాగదీసెను.

అక్కడనే కీబోర్డు వేరుపడుచున్నది. ఒకసారి స్టైల్ బటను నొక్కిన తరువాత యంత్రము ఎవరికొఱకును ఆగదు.

ఏడు అక్షరములను ఎనిమిదిగా ఈడ్చుట

మీ యింటిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. కీర్తనల తలపైన రాగము పేరును తాళము పేరును అచ్చువేయబడియున్నవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు భక్తులు తమ కీర్తనలను ఈ దేశపు రాగ తాళములలోనే కట్టిరి. అచ్చట ఆది తాళమే కాదు, రూపకము కలదు, చాపు కలదు, త్రిపుట కలదు.

త్రిపుట తాళమునకు మన వాడుకలో ఏడు అక్షరములు: మూడు, రెండు, రెండు. ఈ పెట్టెలలోని స్టైళ్లలో అత్యధికము నాలుగు దెబ్బలవి, కొన్ని మూడు దెబ్బలవి. ఏడు దెబ్బల స్టైల్ వెదకినగాని దొరకదు. కొన్ని పెట్టెలలో వెదకినను దొరకదు. అప్పుడు వాయించువాడు ఏమి చేయుచున్నాడు? నాలుగు దెబ్బల స్టైల్ పెట్టి, ఏడు అక్షరముల కీర్తనను ఎనిమిదిగా ఈడ్చుచున్నాడు. ప్రతి ఆవర్తనమున ఒక అక్షరము గాలిలో వ్రేలాడుచున్నది. ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ ఏడవ అక్షరము ముగించి ఎత్తుగడకు వచ్చును. యంత్రము ఇంకను ఎనిమిదవ దెబ్బ కొట్టుచుండును. రెండు చరణములు ఆమె ఓర్చుకొనును. మూడవ చరణమునకు నోరు మూసికొనును. తాళము తప్పెనని యౌవనులు ఆమెవైపు తిరిగి చూతురు. ఆమె తాళము తప్పలేదు సహోదరులారా! చదువురాని ఆమె ఏబది యేండ్లుగా ఆ కీర్తనను తాళముతోకూడ హృదయములో దాచుకొనెను. తాళము తప్పినది మనము డబ్బిచ్చి తెచ్చిన పెట్టె.

రాగము సంగతియు ఇట్టిదే. శంకరాభరణము పాశ్చాత్యుల మేజరు స్వరములతో సరిపోవును. మోహన రాగపు అయిదు స్వరములును అందులో ఇమిడిపోవును. కావున ఆ కీర్తనలకు కార్డులు చక్కగా అమరును. తోడి గాని సావేరి గాని వచ్చినప్పుడు చిక్కు మొదలగును. ఆ రాగములలో షడ్జమును ఆనుకొనియున్న శుద్ధ రిషభము పలుకవలెను. యంత్రములోని బేసు, గిటారు ఆ రాగమును ఎరుగవు; తమకు నేర్పిన చొప్పున పై రిషభమును పలుకవచ్చును. అప్పుడు పాట ఒక రిషభము పలుకును, పెట్టె వేరొక రిషభము పలుకును. వినువారికి కారణము తెలియదు గాని, ఎక్కడనో ముల్లు గ్రుచ్చుకొనినట్లుండును. కాలక్రమమున ఆ కీర్తన పాడుట మానివేయుదురు. ఇట్లు మన పాటల పుస్తకము పెట్టెకు సరిపడు పాటల మట్టుకు కుదించుకొని పోవుచున్నది. పెట్టె మన పుస్తకమునకు లోబడుటకు మారుగా, మన పుస్తకమే పెట్టెకు లోబడుచున్నది. ఇది నాకు చాల దుఃఖకరమైన సంగతి.

దీనికి మందు లేకపోలేదు. అట్టి కీర్తన వచ్చినప్పుడు కార్డు వాయింపును ఆపివేసి తాళము మాత్రము నడువనియ్యవచ్చును. అనేక యంత్రములలో దానికి ఒక బటను కలదు. లేదా, కార్డును గుర్తించు యంత్రము అనుమతించినయెడల షడ్జమ పంచమములు రెండే నొక్కి గాంధారమును విడిచిపెట్టవచ్చును. త్రిపుట కీర్తనకు స్టైల్‌ను పూర్తిగా ఆపి, డోలకు వాయించు అన్నను పిలువవచ్చును. ఇవి తెలిసిన వాయిద్యకాడు ఉన్నచోట చిన్న పెట్టెయు మేలుచేయును. తెలియనిచోట లక్ష రూపాయల పెట్టెయు హానిచేయును.

ఆ డబ్బు ఎక్కడిది?

మన పల్లెలలో స్త్రీలు అన్నము వండబోవునప్పుడు ఒక పిడికెడు బియ్యము ప్రభువునకని వేరుగా తీసిపెట్టుదురు. ఆ బియ్యపు కానుకతో ఎన్ని మందిరములకు కప్పు పడినదో మీరెరుగుదురు. పాలమూరునుండి బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు మట్టిపనికి, మేస్త్రీ పనికి వలసపోయిన మన బిడ్డలు పండుగకు వచ్చినప్పుడు కూలి డబ్బులోనుండి కానుక వేయుదురు. నల్లగొండ పొలములలో పత్తి ఏరిన అక్కల కూలియు ఆ పెట్టెలో పడును. కీబోర్డు కొను డబ్బు అదియే. అది పరిశుద్ధమైన డబ్బు.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). మనము కూర్చుండుట లేదు, పరుగెత్తుచున్నాము. ప్రక్క ఊరి సంఘమువారు క్రొత్త కీబోర్డు తెచ్చిరను వార్త వినగానే వడ్డీకి తెచ్చియైనను అంతకంటె పెద్దది కొనుచున్నాము. ఆ తరువాత దానికి తగిన మిక్సరు, దానికి తగిన బాక్సులు, వాటికి తగిన జనరేటరు. శబ్దము పెరుగును, అప్పు పెరుగును, పాడువారి గొంతు మాత్రము వినబడకుండ పోవును. రాత్రి పది గంటలనుండి ఉదయము ఆరు గంటలవరకు బహిరంగ స్థలమున లౌడుస్పీకరు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు చెప్పుచున్నవి. ఆ చట్టమును మీరి మనము చేయు సందడిని పొరుగువాడు సువార్తయని ఎంచునా? నీతి లేని సంఘపు పాటల ధ్వనిని దేవుడు వినగోరలేదని ఆమోసు ప్రవక్త (5:23, 24) ఎంత కఠినముగా పలికెనో చదువుడి.

దుకాణమునకు వెళ్లునప్పుడు

కొనవద్దని నేను చెప్పుట లేదు. కొనుడి, అయితే దావీదువలె పరీక్షించి కొనుడి.

మొదటిది, పాటల పుస్తకమును వెంట తీసికొనిపోవుడి. వాయించు తమ్ముని, పాడు అక్కలలో ఒకరిని తోడుకొనిపోవుడి. దుకాణపువాడు తనకు వచ్చిన సినిమా పాట వాయించి చూపును, దానికి మోసపోవలదు. మీరు అయిదు కీర్తనలను ఏరుకొని వెళ్లుడి, అవియే మీ అయిదు రాళ్లు: శంకరాభరణములో ఒకటి, తోడిలో గాని సావేరిలో గాని ఒకటి, రూపకములో ఒకటి, త్రిపుటలో ఒకటి, సమాధియొద్ద పాడు నెమ్మదియైన పాట ఒకటి. ఈ అయిదును ఆ పెట్టెమీద వాయించి, అక్కచేత పాడించి చూడుడి. అక్క అలవాటు చొప్పున పాడగలిగినయెడల అది మీ వడిసెల. ఆమె తడబడినయెడల అది సౌలు కవచము.

రెండవది, వేగము. పాట నడుచుచుండగా వేగమును తగ్గించుట, పెంచుట ఎంత సులభమో చూడుడి. వ్రేలితో నాలుగు దెబ్బలు కొట్టినయెడల ఆ వేగమునే అందుకొను బటను కొన్నిటిలో కలదు. ఎడమచేయి ఎత్తగానే వాయింపంతయు నిలిచిపోవు ఏర్పాటును కొన్నిటిలో కలదు. సంఘము కొఱకు ఆగుట తెలిసిన యంత్రము నూరు స్టైళ్లున్న యంత్రముకంటె మేలు.

మూడవది, శ్రుతి. మన అక్కలు ఎత్తుకొను శ్రుతికి పెట్టెను దించుటకు, ఎక్కించుటకు ట్రాన్స్‌పోజ్ అను బటనుండును. అది కుంటివానికి కర్రవంటిది. వాడుకొనవచ్చును, కాని కాళ్లున్న యౌవనుడు ఒక్క శ్రుతి నేర్చుకొని దానిమీదనే బ్రదుకరాదు. స్వరమును జార్చి గమకమువలె పలికించుటకు ప్రక్కనుండు చక్రమును త్రిప్పి చూడుడి. అది లేని పెట్టె మన కీర్తనకు సగము మూగది.

నాలుగవది, మన దేశపు వాద్యములు. మన దేశము కొఱకే కంపెనీలవారు కొన్ని తయారుచేసిరి. యమహావారి పీఎస్ఆర్-ఐ500, కాసియోవారి సీటీ-ఎక్స్870ఐఎన్, సీటీ-ఎక్స్9000ఐఎన్ అట్టివి. తబలా, హార్మోనియము మొదలగు ధ్వనులు వాటిలో కలవు. పల్లె సంఘము ఆలోచన మొదలుపెట్టుటకు అవి తగిన స్థలము. అయితే పెట్టెమీద ఇండియా అని వ్రాసియున్నంత మాత్రమున మన త్రిపుట అందులో నున్నదని నమ్మవలదు. మీ అయిదు రాళ్లతోనే పరీక్షింపుడి. సొంత తాళమును కూర్చి దాచుకొనుటకు ఏర్పాటు కలదేమో అడుగుడి.

అయిదవది, పేరు చూచి భ్రమపడవలదు. మనవారిలో పేరు పొందిన రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 సింథసైజరు. ఎడమచేతి కార్డును పట్టుకొని వాయింపు సమకూర్చు అరేంజరు కాదు, దానిలో స్పీకర్లును లేవు. నలుగురు వాయిద్యకాండ్ల నడుమ అది మంచిదే. ఒంటరివానికి అది పని ముగింపదు. 2023లో వచ్చిన యమహా జెనోస్2 అరేంజర్లలో మహారాజు. దాని వెల లక్షలలో నుండును, దానికిని లోపల స్పీకర్లు లేవు. పాతికమంది కూడుకొను మందిరమునకు పెట్టెలోని స్పీకర్లే చాలును. ఆ చాలినదానితో తృప్తిపడుటయు భక్తియే.

ఆరవది, పెట్టె ప్రయాణము. మన తమ్ముడు మోటారు సైకిలు వెనుక దానిని కట్టుకొని మట్టి దారిలో పోవలెను. బరువెంత, సంచి గట్టిదా, స్టాండు నిలుచునా చూడుడి. గాలివానకు కరెంటు పోయిన రాత్రి అది బ్యాటరీలతో నడుచునా అడుగుడి. చిన్నవి కొన్ని నడుచును, పెద్దవి సాధారణముగా నడువవు. చెడినప్పుడు బాగుచేయువాడు ఎంత దూరములో ఉన్నాడో తెలిసికొనుడి. మారుబేరములో కొనునప్పుడు ప్రతి మెట్టును మెల్లగాను గట్టిగాను నొక్కి చూడుడి. ప్రతి బటనును నొక్కి చూడుడి. అరగంటసేపు వాయించి చూడుడి. తొందరపెట్టువాని యొద్ద కొనవలదు.

వాయించువానికి అన్నమెవరు పెట్టుదురు?

ఇప్పుడు పెద్దలారా, మిమ్మునుగూర్చి ఒక మాట. కీబోర్డుకు వేలకు వేలు తీయు సంఘము దానిని వాయించువానికి ఏమి ఇచ్చుచున్నది? అనేక చోట్ల ఏమియు లేదు. ప్రభువు పని గదా అందురు. స్పీకరు అద్దెకిచ్చినవాడు ప్రభువు పని అనినయెడల ఊరకుండునా? షామియానావాడు ఊరకుండునా? తమ్ముడు మాత్రము ఊరకుండవలెను!

దేవుని మందిరములో గాయకుల సంగతి ఎట్లుండెనో చూడుడి. ఆసాపు, హేమాను, యెదూతూనుల చేతిక్రింద నేర్పరులైన గాయకులు 288 మంది యుండిరి (1 దినవృత్తాంతములు 25:7). వారు రాత్రింబగళ్లు ఆ పనిలో నుండవలసినవారు గనుక తక్కిన పనులనుండి విడుదల పొందిరి (9:33). నెహెమ్యా కాలములో ప్రజలు వారి భాగమును ఇయ్యక మానిరి. ఏమి జరిగెను? లేవీయులును గాయకులును ఎవరి పొలమునకు వారు వెళ్లిపోయిరి. నెహెమ్యా గాయకులను కోపగించుకొనలేదు. మందిరమును ఏల విడిచిపెట్టితిరని అధికారులను గద్దించెను, గాయకులను పిలిపించి వారి స్థలములో నిలిపెను. మన మండలములలో ఎందరు వాయిద్యకాండ్రు పొలమునకు వెళ్లిపోయిరి? ఎందరు ఆటో నడుపుకొనుచున్నారు? వారిని నిందింపకుడి, నెహెమ్యా ఎవరిని నిందించెనో జ్ఞాపకముంచుకొనుడి.

మరియొక అన్యాయము కలదు. సంఘము కీబోర్డు కొని బీరువాలో పెట్టి తాళము వేయును. తాళపుచెవి పెద్దగారి యొద్ద నుండును. ఆదివారమున పది నిమిషములు ముందుగా బయటికి తీయుదురు. వారమంతయు ముట్టని వాద్యమును ఆదివారము ఎట్లు వాయించును? సంగీతమును నేర్పుతో వాయింపవలెనని 33వ కీర్తన ఆజ్ఞాపించుచున్నది. బీరువాలో నేర్పు పుట్టదు. కావున నా మనవి: సంఘము కొనినయెడల వారమంతయు దానిని వాయించువాని యింట ఉంచుడి, దాని బాధ్యతను వ్రాతమూలముగా అప్పగింపుడి. వాయించువాడు తన సొంత అప్పుతో కొనినయెడల, అతడు తెచ్చిన ప్రతిసారి పెట్టెకు అద్దెయు చేతికి కూలియు ఇయ్యుడి. సంఘము కొను వెలలో కొంత తగ్గించి చిన్న పెట్టెనే కొని, ఆ మిగిలినదానితో అతనిని ఒక గురువు నొద్ద రాగ తాళములు నేర్చుకొనుటకు పంపుడి. యంత్రము ఏటేట పాతబడును. నేర్చుకొనిన చెయ్యి పాతబడదు.

తమ్ముడా, నీతోను ఒక మాట

నీవు నీ కష్టముతో బ్రదుకువాడవు; నిన్ను నేను గౌరవించుచున్నాను. నీ పెట్టెను నీవే ఏరుకొనినప్పుడు, పై ఊరివాడు ఏది వాడుచున్నాడని చూడకుము. నీవు పోవు ఊళ్లు ఏవి, అచ్చట పాడు పాటలు ఏవి, నీ నెల రాబడి ఎంత అని చూచుకొనుము. వడ్డీ కట్టుటకై వాయించువాడు పాటను ప్రేమింపలేడు. పెన్‌డ్రైవులో నింపి అమ్ము స్టైళ్లు వందలుగా కొనుటకంటె, పది స్టైళ్లను లోతుగా ఎరుగుట మేలు. వారమునకు ఒక కీర్తనను స్టైల్ లేకుండ, రెండు చేతులతో మాత్రమే వాయించి నేర్చుకొనుము. కరెంటు పోయినను, బటను పనిచేయకున్నను సంఘమును పాటలో నడిపింపగలవాడే వాయిద్యకాడు. తక్కినవాడు బటను నొక్కువాడు.

ప్రార్థన జరుగుచుండగా క్రింద నెమ్మదిగా ధ్వని నింపుమని నిన్ను అడుగుదురు. ఎలీషా వాయిద్యకాని పిలిపించుకొనెను నిజమే (2 రాజులు 3:15). అయితే ప్రజల కన్నీళ్లను ధ్వనితో పిండి, దానిని ఆత్మ కార్యమని చెప్పుకొను బోధకునికి నీవు పనిముట్టు కావలదు. పశ్చాత్తాపము స్పీకరులోనుండి రాదు.

డోలకు వాయించు అన్నను ఇంటికి పంపకుము. నీ పెట్టెలో డోలకు ధ్వని కలదని అతనికి చోటు లేకుండ చేయకుము. డప్పు సంగతియు చెప్పవలెను. మన పెద్దలు చావులకు, జాతరలకు వెట్టిగా డప్పు కొట్టవలసివచ్చెను. క్రీస్తునందు విడుదల పొందినప్పుడు ఆ వెట్టి గురుతును వారు గుమ్మము బయట విడిచిరి. ఆ గాయమును నేను తేలికగా మాటలాడను. కాని నేడు జరుగుచున్నదేమి? పెట్టెలోని డప్పు స్టైల్‌కు మందిరములో చప్పట్లు, వీధి చివరనున్న డప్పు కళాకారునికి మందిరము బయట చోటు! బటను నొక్కగా వచ్చిన డప్పు పవిత్రమై, మనుష్యుని చేతినుండి వచ్చిన డప్పు అపవిత్రమగునా? వెట్టినుండి విడుదల పొందిన చెయ్యి దేవుని స్తుతించుటకు తగినది కాదా? సంఘ పెద్దలు మోకాళ్లూని ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

ఆక్షేపణలకు ప్రత్యుత్తరము

పెద్ద కీబోర్డు లేనియెడల యౌవనులు మందిరమునకు రారని కొందరందురు. ధ్వనికై వచ్చిన యౌవనుడు అంతకంటె పెద్ద ధ్వని వినబడినచోటికి పోవును. పని అప్పగింపబడిన యౌవనుడు నిలుచును. ఒకనికి పెట్టె, ఒకనికి డోలకు, ఒకనికి కంజిర, నలుగురికి పాట నేర్పు పని ఇచ్చి చూడుడి.

పాత కీర్తనలు ఎవరికి కావలెను, క్రొత్త పాటలే పాడుదమని మరికొందరందురు. క్రొత్త పాటలు పాడుడి. వాటిని నేను త్రోసివేయను. అయితే 1890 ప్రాంతమున నల్లగొండకు మిషనెరీయైన అబ్రహాం ఫ్రీజెన్ వచ్చిన దినములలో మన పల్లెవారిలో చదువు వచ్చినవారు ఎందరు? చదువురానివారికి వాక్యమును హృదయములో నిలిపినవి కీర్తనలే. పెట్టెకు సరిపడవని వాటిని పారవేయుట, గిన్నె చిన్నదని అన్నము పారబోయుటవంటిది. పెద్ద గిన్నె తెచ్చుకొనవలెను గాని అన్నము పారబోయుదుమా?

ఇంత పరీక్ష ఎవరు చేయగలరు, దుకాణపువానినే నమ్ముదమని ఇంకను కొందరందురు. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతురు, నడక చూతురు, కాడి మోపి చూతురు. విత్తనములు కొనునప్పుడు నలుగురిని అడుగుదురు. దేవుని స్తుతి కొఱకు కొనుదానిని మాత్రము కన్నులు మూసికొని కొందురా?

సహోదరులారా, వచ్చు ఆదివారము ఒక పని చేయుడి. ఒక కీర్తనకు పెట్టెను పూర్తిగా ఆపివేసి, గొంతులతో మాత్రము పాడుడి. ఎందరు పాడుచున్నారో వినుడి. ఆ ధ్వని నిండుగా నున్నయెడల దేవుని స్తుతించి, దానికి తోడుగా నుండు పెట్టెను కొనుటకు బయలుదేరుడి. ఆ ధ్వని సన్నగిలియున్నయెడల దుకాణమునకు పోవుట ఆపి, ముందు పాటను బ్రదికించుకొనుడి. పాడువారి నోటనుండి తీసికొనిన స్తుతిని ఏ కంపెనీ పెట్టెయు దేవునికి చెల్లింపజాలదు. లోపలికి ఊపిరి ఊదబడినది మనుష్యునికే గాని యంత్రమునకు కాదు.

దావీదు కవచమును దించినప్పుడు సిగ్గుపడలేదు. చిన్న పెట్టెతో, నిండు గొంతుతో, కూలి పొందిన వాయిద్యకానితో, చోటు పొందిన డోలకు అన్నతో ఆదివారమున నిలుచు పల్లె సంఘమును సిగ్గుపడవలదు. అట్టి సంఘపు పాట ప్రభువు చెవికి మధురమై యుండునుగాక. ఆమేన్.